వ్యాధిశేషము

(గోరంట్ల గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ రజతోత్సవ సందర్భమున నన్ను కూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినపుడు, నేను భారతమునుండియో మనుచరిత్రమునుండియో ఒక ఘట్టమును తీసికొందునని వారనుకొనియుందురు. ఈ గ్రంథాలయమున నేనెక్కువగా తిరుగవేసినవి ఆ పుస్తకములే. గ్రామలెక్కలు వ్రాసికొనువాడను, గురుముఖముగా చదువు భాగ్యము నాకు లేదు. నిఘంటువు ప్రక్కన పెట్టుకొని చదివినంతయే నా చదువు. అయినను నేడు నేను మాట్లాడదలచినది కావ్యమును గురించి కాదు. తలవెనుక, మెడకు కొంచెము పైగా, కపాలములో దాగియున్న చిన్నమెదడును గురించి. దానికి వచ్చు మిక్కిలి అరుదైన యొక పెరుగుదలను గురించి. దానికి వైద్యులు చేయు శస్త్రచికిత్సను గురించి.

ఈ విషయమునే ఏల ఎన్నుకొంటినో ముందే మనవి చేసెదను. అప్పులో గాని, నిప్పులో గాని, పగలో గాని, రోగములో గాని శేషము మిగుల్చరాదని మన పెద్దలు చెప్పుచుందురు. ప్రోనోటుమీద పది రూపాయలు నిలువయున్నను అది వడ్డీతో పెరిగి ఇంటిమీదికి వచ్చుననుట లెక్కలవానికి ఒకరు చెప్పనక్కరలేదు. సుశ్రుతుడును తన చికిత్సాస్థానమున అర్బుదములను గూర్చి చెప్పుచు, శేషము మిగిల్చిన అర్బుదము శీఘ్రముగా మరల పుట్టుననియు, ఆర్పక విడిచిన నిప్పువలె మనుష్యుని చంపుననియు, కావున నిశ్శేషముగా తీయవలెననియు విధించినాడు. నేటి కాన్సరు వైద్యులును చాలవరకు దీనిని ఒప్పుకొందురు. అయితే ఈ నియమము చెల్లని చోట్లు కొన్ని కలవు. అచ్చట కొంత విడుచుట తెలిసిన వైద్యుడే నేర్పరి. అట్టి చోట్లలో ఒకటి చిన్నమెదడు. అట్టి వ్యాధులలో ఒకటి లెర్మిట్-డూక్లో వ్యాధి.

చిన్నమెదడును శాస్త్రజ్ఞులు అనుమస్తిష్కమందురు. తూకమున అది మొత్తము మెదడులో పదవవంతు మాత్రమే. కాని 2009 లో బ్రెజిలు దేశపు శాస్త్రజ్ఞులు లెక్కించి చూడగా, మనుష్యుని మెదడులోని నాడీకణములు సుమారు 8,600 కోట్లు కాగా, వానిలో సుమారు 6,900 కోట్లు ఈ చిన్నమెదడులోనే యున్నవని తేలినది. చిన్న కమతములో పెద్ద పంట! తలచుట పెద్దమెదడు పని. తలచిన దానిని తడబడక చేయించుట ముఖ్యముగా చిన్నమెదడు పని. మన ఆడపడుచులు నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకొని, గులకరాళ్ళ దారిలో చుక్క నీరు తొణకనీయక నడచి వచ్చుచుందురు. ఆ విద్యకు ఆధారము ఇచ్చటనే యున్నది. ఒక్క అడుగు వేయునపుడు ఏ కండరము ఎంత బిగియవలెనో, ఏది ఎంత సడలవలెనో క్షణక్షణమును చూచి సరిదిద్దునది ఇదియే. అందుచేత నాకు దీనిమీద కొంత స్వజాత్యభిమానము కలదు. ఇదియు లెక్క సరిచూచు ఉద్యోగియే కదా!

దాని నిర్మాణము తాళపత్రగ్రంథమును తలపించును. ఆకుమీద ఆకు పేర్చినట్లు సన్నని ముడుతలు. లాటిను భాషలో ఆ ముడుతలకు ఆకులనియే పేరు. ప్రతి ఆకునందును మూడు పొరలు కలవు. పైపొరలో కణములు తక్కువ, తీగలెక్కువ. నడుమ ఒకే వరుసగా నిలిచిన పెద్దకణములు. వీనిని పుర్కిన్యె అను చెక్ దేశపు శాస్త్రజ్ఞుడు 1837 లో వర్ణించెను. అడుగున ఆవాలు పోసినట్లు క్రిక్కిరిసిన చిన్నకణములు.

మనము చెప్పుకొను వ్యాధిలో, అడుగుపొరలోని ఆ చిన్నకణముల స్థానమున బొద్దుగా పెరిగిన నాడీకణములు వచ్చి చేరును. నడిమి వరుస చెదరిపోవును. పైపొర దళసరియగును. ఆకుల వరుస తప్పదు, కాని ఒక్కొక్క ఆకు నీట నానిన పుస్తకపు పుటవలె ఉబ్బి ప్రక్కదానిని నొక్కుచుండును. ఇది కాన్సరు కాదు. ఇతర అవయవములకు ప్రాకదు. ఏండ్ల తరబడి నెమ్మదిగా పెరుగును. అసలిది కొత్తగా పుట్టిన గడ్డయా, లేక మొదటినుండియు తప్పుగా అమరిన శరీరభాగమే పెద్దదగుచున్నదా అను వాదము నూరేండ్లుగా జరుగుచున్నది. ప్రపంచారోగ్యసంస్థవారు దీనిని గడ్డల పట్టికలో చేర్చి, అందు మిక్కిలి సాధువైన మొదటి తరగతిలో కూర్చుండబెట్టినారు. వైద్యపత్రికలలో ఇంతవరకు ప్రకటింపబడిన రోగులు ప్రపంచమంతటను కలిపి కొన్ని వందలమందియే.

పారిస్ నగరమున 1920 లో లెర్మిట్, డూక్లో అను ఇద్దరు వైద్యులు దీనిని మొదట వర్ణించిరి. మన ప్రాంతపు ఆసుపత్రులలో డక్లోస్ అని పలుకుట వినవచ్చును; ఫ్రెంచివారు ఆ పేరులోని తుది హల్లును పలుకరు. లెర్మిట్ 1877 లో పుట్టి 1959 వరకు జీవించిన గొప్ప నాడీవైద్యుడు. మెడ వంచినపుడు వెన్నువెంబడి విద్యుత్తు పారినట్లు తోచు ఒక లక్షణమునకును ఆయన పేరే నిలిచినది. వారు చూచిన రోగి తలనొప్పితోను, తల తిరుగుటతోను బాధపడి మరణించెను. మరణానంతరము కపాలము తెరచి చూచినప్పుడు గాని కారణము బయటపడలేదు.

ఆ దినములలో బ్రదికియున్నవాని మెదడును చూచు ఉపాయము లేకపోయెను. అమెరికాలో డాండీ అను శస్త్రవైద్యుడు 1918 లో మెదడులోని గదులలోనికి గాలి నింపి ఎక్స్‌రే తీయు పద్ధతిని కనుగొనెను. అది రోగిని చాల బాధించు పద్ధతి. 1971 లో ఇంగ్లండులో హౌన్స్‌ఫీల్డు నిర్మించిన సి.టి. యంత్రముతో మొదటిసారి ఒక రోగి తల లోపలిని పొరలు పొరలుగా చూచిరి. తరువాత అయస్కాంతముతో చిత్రము తీయు ఎం.ఆర్.ఐ. వచ్చినది. ఈ వ్యాధి విషయమున ఎం.ఆర్.ఐ. చేసిన మేలు అంతింత కాదు. ఉబ్బిన ఆకులు ఆ చిత్రమున ఒకటి తెలుపు, ఒకటి నలుపుగా చారలు కట్టి కానవచ్చును. వైద్యులు వీనిని పులిచారలందురు. నాకైతే తొలకరికి దున్నిన చేని చాళ్ళవలె తోచినవి. ఆ చారలను చూచిన అనుభవజ్ఞుడు పెక్కుమార్లు కత్తి పట్టకముందే వ్యాధి పేరు చెప్పగలడు.

ఇంత సాధువైన వ్యాధి మనుష్యుని ఎట్లు చంపునని మీరడుగవచ్చును. మెదడు లోపల గదులు కలవు. వానిలో తేటనీరు వంటి ద్రవము దినమునకు సుమారు అర లీటరు ఊరి, దారులవెంట జారి, మెదడు చుట్టు తిరిగి, రక్తములో కలిసిపోవుచుండును. ఏ వేళనైనను నిలువయుండునది 150 మిల్లీలీటర్లు మాత్రమే. ఆ దారిలోని నాలుగవ గది చిన్నమెదడునకును, దాని ముందున్న మెదడుకాండమునకును నడుమ ఉన్నది. చిన్నమెదడు ఉబ్బినచో ఆ గది నలిగిపోవును. ఊట ఆగదు, పోవు దారి లేదు. తూము పూడి, మరవ లేని చెరువునకు వరద వచ్చినట్లగును. కట్టమంచి రామలింగారెడ్డిగారి 'ముసలమ్మ మరణము' చదివినవారికి మన బుక్కరాయసముద్రపు చెరువుకట్ట కథ తెలిసినదే. మట్టికట్ట గండి పడి బరువు దించుకొనును. కపాలమునకు ఆ వీలును లేదు. లోపలి బరువు మెదడుకాండముమీద పడును. శ్వాసను, గుండెను నడపు కేంద్రములున్నది అచ్చటనే.

ఇక లక్షణములు. ఇరువది నలువది ఏండ్ల నడుమ వయసువారిలో ఇది ఎక్కువగా బయటపడును. తెల్లవారుజామున తలవెనుక నొప్పి, వాంతి, వస్తువులు రెండుగా కనబడుట, చూపు మసకలగుట, కాళ్ళు ఎడముగా పెట్టి నడచుట, తిరుగబోయి పడుట, గ్లాసు అందుకొనబోవ చేయి వణికి ప్రక్కకు పోవుట. అన్నింటికంటె దుఃఖకరమైనది మాట ముద్దగా వచ్చుట. అడుగు తూలుచు, మాట ముద్దయైన మగవానిని చూచి మన ఊళ్ళలో ఏమనుకొందురో మీకు తెలియును. తలనొప్పియా, ఎండదెబ్బ యందురు. ఆడుదైనచో గాలి సోకినదని తాయెత్తు కట్టుదురు. మగవాడైనచో సారాయి యందురు. ఈ లక్షణములన్నియు ఈ ఒక్క వ్యాధికే చెందినవని నేననను; చిన్నమెదడును ఏ గడ్డ నొక్కినను ఇట్లే యుండును. ఏ గడ్డయైనను మొదట చేయవలసిన పని ఒక్కటియే. కంటి వైద్యుని వద్దకు పోయినను ఆయన కంటిలోనికి దీపము వేసి చూచి, వెనుక నాడి ఉబ్బియున్న యెడల తలలో ఒత్తిడి కలదని చెప్పగలడు. ఆలస్యమున మొదట పోవునది చూపు.

నాలుగేండ్ల క్రిందట ఒక రైతు అడంగల్ నకలుకై నా వద్దకు వచ్చెను. వారి ఊరు, పేరు చెప్పను. ఈ సంగతి సభలో చెప్పుటకు మాత్రము వారు సమ్మతించిరి. నకలు ఎందులకప్పా అంటిని. అమ్మకమునకనెను. పిదప సంచిలోనుండి పెద్ద కవరు తీసి, "సామీ, మీరు సదువుకున్నోళ్ళు. ఇందులో ఏం రాసిండారో రవ్వంత సూసి సెప్పండి" అనెను. కుమారునికి ముప్పది దాటలేదు. మల్బరీ తోట, పట్టుపురుగుల పని. సంవత్సరమునుండి తూలుచున్నాడు. తాగుబోతను పేరు పడినది. పిల్లనిచ్చిన మామ పెద్దమనుష్యులను కూర్చుండబెట్టి కూతురిని పుట్టింటికి తీసికొనిపోయెను. ఆ కాగితమున చివర ఆ రెండు ఫ్రెంచి పేర్లు ఉండెను. నేను వానిని చూచుట అదే మొదలు.

రైతు బాధ వ్యాధి పేరును గూర్చి కాదు. "ఆపరేషన్ చేస్తామన్నారు సామీ. గడ్డ అంతా తీయరంట, కొంత ఇడిసిపెడతారంట. దుడ్డు పూరా, పని సగమా? ఇదేం న్యాయం?" అని ఆయన అడిగెను. నేనెరిగిన సుశ్రుతుడును ఆయన పక్షముననే యుండెను. మరునాడు వారితో కూడ నేనును బెంగుళూరు బస్సు ఎక్కితిని.

ఇచ్చట కొంచెము ఆగి, మన పూర్వకథలను రెంటిని తలచుకొందము. బౌద్ధుల వినయగ్రంథమైన మహావగ్గమున జీవకుని కథ కలదు. రాజగృహమున ఒక శ్రేష్ఠి ఏడేండ్లుగా తలబాధతో నుండెను. జీవకుడు తలచర్మము కోసి, కపాలపు అతుకును తెరచి, రెండు జీవులను తీసి, మరల కుట్టి లేపనము పూసెను. రోగి మూడు విధములుగా ఒక్కొక్క తీరున ఏడేసి మాసములు పరుండవలెనని ముందే మాట తీసికొనెను. పాపము, ఆ శ్రేష్ఠి మాసములకు మారుగా ఏడేసి దినములు మాత్రమే పరుండగలిగెను. ఏడు మాసములని చెప్పకపోయినచో ఏడు దినములును పరుండకపోయెడివాడవని జీవకుడు పలికెనట! ఈ కథ వ్రాసినవాడెవడో రోగులను చక్కగా ఎరిగినవాడు. రెండవది భోజప్రబంధములోనిది. అందు భోజరాజును మోహచూర్ణముతో నిద్రపుచ్చి, కపాలము తెరచి చేపపిల్లలను తీసినట్లు చెప్పిరి. వీనిని చూపి నేటి శస్త్రవిద్య యంతయు మనకు పూర్వమే యుండెనని చెప్పువారితో నేనేకీభవింపను. కథ కథయే. అయితే తల తెరచియు మనుష్యుని బ్రదికింపవచ్చునను ఊహ మన దేశమున పాతదనుటకు ఇవి చాలును.

నేటి పద్ధతి మన దేశమున వేళ్ళూనినది స్వాతంత్ర్యానంతరమే. 1949 లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో డాక్టరు జేకబ్ చాందీ, 1950 లో మద్రాసు జనరలాసుపత్రిలో డాక్టరు బి. రామమూర్తి మెదడు శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగములు స్థాపించిరి. ఆ దశకముననే విశాఖపట్టణపు కింగ్ జార్జి ఆసుపత్రిలో డాక్టరు బాలపరమేశ్వరరావు ఆ పనికి పూనుకొనిరి. మనకు నూరుమైళ్ళలోపుననే బెంగుళూరున నిమ్హాన్స్ 1974 లో ఏర్పడినది. వైట్‌ఫీల్డున సత్యసాయి ఆసుపత్రి 2001 నుండి మెదడు శస్త్రచికిత్సలు రుసుము లేకయే చేయుచున్నది. 2007 లో ఆరోగ్యశ్రీ యను పేర ఆరంభమై, 2024 లో ఎన్టీఆర్ వైద్యసేవగా పేరు మారిన ప్రభుత్వ పథకపు జాబితాలో మెదడు గడ్డల శస్త్రచికిత్సలును కలవు. చేను అమ్ముటకు ముందు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర యెవరో విచారింపుడు. మా రైతు విషయమున ఆ అడంగల్ నకలు నా బల్లసొరుగులోనే ఉండిపోయినది.

శస్త్రచికిత్స ఎట్లు జరుగునో వైద్యుడు ఒక కాగితముమీద బొమ్మ గీచి, కన్నడము కలసిన తెలుగులో మాకు చెప్పెను. నేను తరువాత చదివి తెలిసికొన్నదియు కలిపి చెప్పుచున్నాను.

తలలో నీరు మిక్కుటముగా నిలిచియున్నచో మొదట దానికి దారి చేయుదురు. సన్నని గొట్టముతో కొన్నినాళ్ళు బయటికి తీయుటయో, చర్మముక్రింద గొట్టమును పొట్టవరకు దింపుటయో, దుర్భిణితో మెదడులోనే మరియొక మార్గము తెరచుటయో. ఇది గండము తప్పించును గాని కారణమును తొలగింపదు. తరువాత అసలు పని. రోగిని పూర్తిగా నిద్రపుచ్చి, సాధారణముగా బోర్ల పరుండబెట్టి, తల కదలకుండ బిగింతురు. తలవెనుక నిలువుగా కోసి, మెడకండరములను ఇరుప్రక్కలకు తొలగించి, ఎముకలో ఒక పలక తీయుదురు. దాని క్రింద డ్యూరా యను గట్టి పొర. దానిని తెరచినంతనే చిన్నమెదడు కనబడును. ఆరోగ్యముగా ఉన్న ఆకులు సన్నగా నుండును. వ్యాధిగ్రస్తమైనవి పాలిపోయి, లావెక్కి యుండును. చిన్న తునకను తీసి అప్పుడే పరీక్షకు పంపుదురు.

అటుపిమ్మట సూక్ష్మదర్శినిలో చూచుచు, సెకనుకు ఇరువదివేల మార్లకు పైగా కంపించు మొనగల పరికరముతో ఆ భాగమును కొద్దికొద్దిగా కరగించి పీల్చివేయుదురు. నెత్తురు కారు నాళములను విద్యుత్తుతో మూయుదురు. ఈ విద్యుత్ సాధనమును కుషింగు అను అమెరికా వైద్యుడు 1926 లో మెదడు శస్త్రచికిత్సలో ప్రవేశపెట్టినాడు. అంతకు పూర్వము నెత్తురు ఆపలేక మధ్యలో మాని కుట్టివేసిన శస్త్రచికిత్సలు ఎన్నియో! పని ముగిసిన పిదప డ్యూరాను నీరు కారకుండ కుట్టుట మిక్కిలి ముఖ్యము. అచ్చట ద్రవము కారినచో జ్వరము, మెదడుపొరల వాపు వచ్చును.

ఇప్పుడు శేషము మాట. ఇతరములైన గడ్డలు కొన్ని చేనిలో పడిన బండవంటివి. చుట్టు త్రవ్వి, గట్టు గుర్తించి ఎత్తివేయవచ్చును. ఇచ్చట గట్టు లేదు. ఉబ్బిన ఆకు ప్రక్కన సగము ఉబ్బిన ఆకు, దాని ప్రక్కన మంచి ఆకు. ఎచ్చట వ్యాధి ముగిసి ఎచ్చట ఆరోగ్యము మొదలైనదో సూక్ష్మదర్శినికి కూడ నిశ్చయముగా తెలియదు. ఇది వెలినుండి వచ్చిన శత్రువు కాదు. ఆ మనుష్యుని చిన్నమెదడే మితిమీరి పెరిగినది. మంచి ఆకులను కోసిన కొలది నడక, మాట పోవును. ముందునకు పోయినచో మెదడుకాండము, మ్రింగుటకు వలయు నాడులు. అంతయు తీయవలెనను పంతమున అన్నము మ్రింగలేనివానిని ఇంటికి పంపుట నేర్పు కాదు. "ఒత్తిడి పోయి, నీరు పారు దారి తెరచుకొనువరకు తీయుదును. సులభముగా వచ్చినంత వచ్చును. మిగిలినది నెమ్మదిగా పెరుగు స్వభావము గలది, దానిమీద కన్నువేసి యుంచెదము" అని ఆ వైద్యుడనెను. రైతు చాలసేపు ఆ బొమ్మను చూచి, "మడికి నీళ్ళు పారేంత కాలవ తీస్తారు, గట్టు తెగనీయరు, అంతేనా సామీ?" అనెను. వైద్యుడు నవ్వి తల ఊచెను. ఇంతకంటె బాగుగా నేను చెప్పలేను.

సుశ్రుతుడు తప్పు చెప్పెనని నా ఉద్దేశము కాదు. ఆయన చూచినవి మెడమీద, తొడమీద, వక్షముమీద పైకి కనబడు అర్బుదములు. మొదట గుమ్మడి, సొర, దోస కాయలమీద కోత అభ్యసించిన పిమ్మటనే శిష్యుడు రోగిని ముట్టవలెనని విధించిన జాగరూకుడాయన.

శేషము మిగిల్చినచో మరల పెరుగదా? కొందరిలో పెరిగినది. పూర్తిగా తీసితిమనుకొన్నవారిలోను ఏండ్లకు తిరిగి వచ్చిన సందర్భములు వైద్యపత్రికలలో కలవు. కావుననే ఏటేట ఎం.ఆర్.ఐ. తీయించుకొనవలెను. రెండవసారి శస్త్రచికిత్స చేయుటయు కలదు. మరియొక సంగతి: వేరే కారణమున తీసిన చిత్రమున ఈ చారలు కనబడి, రోగికి ఏ బాధయు లేనిచో, కత్తి పట్టక కనిపెట్టియుండు వైద్యులును కలరు. అదియు వైద్యమే. కిరణచికిత్సకు ఇందు స్థిరమైన ప్రయోజనము కనబడలేదు.

నేను మీతో ముఖ్యముగా చెప్పవలసినది ఇంకొకటి కలదు. ప్రసంగమునకు రజతోత్సవ సభలో స్త్రీలు ఎక్కువగా వత్తురని తెలిసియే దీనిని దాచియుంచితిని.

1963 లో అమెరికాలో లాయిడ్, డెన్నిస్ అను వైద్యులు ఒక విచిత్ర వ్యాధిసముదాయమును వర్ణించి, తాము చూచిన రోగిణి ఇంటిపేరుమీద దానిని కౌడెన్ వ్యాధి యనిరి. ముఖముమీదను, చిగుళ్ళమీదను చిన్న చిన్న పొక్కులు, సాధారణముకంటె పెద్ద తల, కంఠమునందలి థైరాయిడు గ్రంథిలో గడ్డలు, స్తనములలో గడ్డలు. 1990 తరువాత గాని వైద్యులు గ్రహింపలేదు, చిన్నమెదడు ఆకులు ఉబ్బుటయు ఈ సముదాయములోనిదేనని. 1997 లో దీని మూలము దొరకినది. పదవ క్రోమోజోముమీద పి-టెన్ అను జన్యువు కలదు. కణముల పెరుగుదలకు అదుపు పెట్టుట దాని పని. ఖర్చు బిల్లుమీద 'ఇంతటితో చాలు' అని వ్రాసి సంతకము పెట్టు అధికారి వంటిది. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటిగా ప్రతివానికిని రెండు ప్రతులు వచ్చును. ఒక ప్రతి పుట్టుకతోనే చెడియున్నవానికి, శరీరమున ఎచ్చటనైనను రెండవదియు చెడినచో అచ్చట అదుపు తప్పును. చెడిన ప్రతి బిడ్డకు సంక్రమించుటకు సగము పాలు అవకాశము కలదు, కొడుకునకైనను, కూతురునకైనను.

కనుక పెద్దవయసులో ఈ చిన్నమెదడు వ్యాధి వచ్చినవానికి తలకుట్టు మానినంతనే ఖాతా మూసివేయరాదు. ఈ జన్యువు చెడిన స్త్రీలకు స్తన కాన్సరు భయము మిక్కిలి ఎక్కువ. గర్భాశయమునకును, థైరాయిడునకును కలదు. ముప్పది ముప్పదియైదేండ్ల వయసునుండియే ఏటేట స్తనపరీక్ష చేయించుకొనవలెనని వైద్యులు చెప్పుదురు. థైరాయిడును చిన్ననాటినుండియే చూచుచుండవలెను. తల చుట్టుకొలత కొలుచుటకు టేపు చాలును: పెరిగిన స్త్రీకి 58 సెంటీమీటర్లు, పురుషునకు 60 సెంటీమీటర్లు మించినచో వైద్యులు గమనింతురు. పెద్దతల ఉన్న ప్రతివానికి ఈ వ్యాధి యని భయపడి నేటి రాత్రి ఇండ్లలో టేపులు తీయకుడు! ఇతర లక్షణములతో కలసినప్పుడే దానికి అర్థము.

మా రైతును ఆ వైద్యుడు, "ఇతనికి అక్కచెల్లెండ్రు కలరా?" అని అడిగెను. ఆయన ముఖము ముడుచుకొనెను. ఆడపిల్లల ప్రసక్తి ఎందుకని ఆయన భావము. పెండ్లికి ఎదిగిన మనుమరాలున్న ఇల్లు. రోగము వంశములో ఉన్నదను మాట బయటికి పోయినచో సంబంధము కుదురునా? ఈ భయమును తేలికగా కొట్టివేయుటకు వీలులేదు. చివరకు ఆ పెద్ద కూతురే తనంతట వచ్చి చూపించుకొనెను. ఆమె మెడలో చిన్న గడ్డ ఉండెను. సూదితో తీసి పరీక్షించి ప్రమాదములేనిదని చెప్పిరి. ఏటేట పోయి చూపించుకొనుచున్నది.

మందులతో కుదురదా యని అడుగువారికి ఒక్క మాట. పి-టెన్ చెడినపుడు హద్దు మీరి పనిచేయు ఒక రసాయన మార్గమును అడ్డగించు మందులు కలవు. వానికి మూలమైన రాపమైసిన్ పసిఫిక్ సముద్రములోని రాపా నూయీ దీవి మట్టిలో దొరకినది. ఆ దీవి పేరే దానికి పెట్టిరి. ఈ జాతి మందులను ఈ వ్యాధిలో కొద్దిమందికి ఇచ్చి చూచినారు. ఇంకను స్థిరపడిన చికిత్స కాలేదు. నేటికి ఒత్తిడి తగ్గింపగలది కత్తియే.

ఆ యువకుని సంగతి చెప్పి ముగించెదను. శస్త్రచికిత్స ఏడు గంటలు జరిగినది. మొదటి రెండు మాసములు గోడ పట్టుకొని నడచెను. మాట నిదానముగా తేటపడినది. చిన్నమెదడులో మిగిలిన భాగము పోయినదాని పనిని కొంతవరకు నేర్చుకొనునట. దానికి రోజూ అభ్యాసము కావలెను. గీత గీచి దానివెంట నడుచుట, బంతిని చేతులు మార్చుట వంటివి ఆసుపత్రివారు నేర్పిరి. నేడు మల్బరీ ఆకు కోసి మోపు ఎత్తుకొని వచ్చుచున్నాడు. సూదిలో దారము మాత్రము ఎక్కింపలేడు. భార్య తిరిగి వచ్చినది. పంచాయతీ చేసిన పెద్దలెవ్వరును వచ్చి ఒక మాట అనలేదు.

పోయిన ఏడు రెండవ ఎం.ఆర్.ఐ.కి పోవునపుడు పాత ఫిల్ముల కొరకు వెదకిరి. అవి కవరుతో సహా దూలమునకు వ్రేలాడుచున్నవి. రేకులకప్పు వేడికి రెండు ఒకదానికొకటి అంటుకొని చారలు చెరగిపోయినవి. అదృష్టవశమున ఆసుపత్రి కంప్యూటరులో నకలు ఉండెను. శేషము పెరిగినదా, అట్లే ఉన్నదా యని తేల్చవలెనన్నచో పాతదానిప్రక్కన కొత్తది పెట్టి చూడవలెను. ఫిల్ములు మడువకుడు, వేడి తగులనీయకుడు, సంవత్సరము, తేది వ్రాసి బల్లపరుపుగా పెట్టుడు. ఇండ్లలో చోటు లేనివారు నా వద్దకు తెండు. మన గ్రంథాలయమున పాత పటములు పెట్టు బీరువా అడుగు అర ఖాళీగా ఉన్నది. కార్యదర్శిగారిని అడిగితిని, సరే యనిరి.